పరిశుద్ధతలో ఎదగడం ఎలా? విశ్వాసి నిత్యజీవితానికి ఒక సమగ్ర మార్గదర్శి

ఈ మార్గదర్శి ముఖ్యంగా బాప్తిస్మం పొంది కొన్నేళ్లయిన విశ్వాసి కోసం రాసినది. ఆదివారం ఆరాధన మానకుండా, కానుక ఎగ్గొట్టకుండా నడుస్తూనే, ఇంట్లో తన కోపం తగ్గలేదనీ, డబ్బు దగ్గర తన చేతులు ఇంకా శుభ్రం కాలేదనీ లోలోపల ఎరిగిన మనిషికి ఏం చేయాలో, ఏ వరుసలో చేయాలో చెప్పడం దీని ఉద్దేశం.

పరిశుద్ధత అనగానే మన సంఘాల్లో రెండు అభిప్రాయాలు వినిపిస్తాయి. అది దైవసేవకులకూ, ఉపవాస ప్రార్థనల్లో గడిపేవారికీ మాత్రమే సంబంధించినదని కొందరు అనుకుంటారు. సినిమా మానడం, నగలు తీసేయడం, తెల్లబట్టలు కట్టడం వంటి కట్టుబాట్లు పాటిస్తే అది దక్కినట్టేనని మరికొందరు అనుకుంటారు. లేఖనాన్ని వరుసగా చదివితే ఈ రెండు అభిప్రాయాలూ నిలబడవు. పరిశుద్ధత దేవుడు ముందుగా ఇచ్చే స్థానం. ఆ స్థానానికి తగిన నడకను మనం కూలి డబ్బుల లెక్కలోనూ, నోటి మాటలోనూ, ఇంటి నాలుగు గోడల మధ్యనూ నేర్చుకుంటాం.

మొదటి మెట్టు: ఎక్కడ నిలబడి మొదలుపెడుతున్నారో చూసుకోండి

పౌలు సుమారు క్రీ.శ. 55లో కొరింథు సంఘానికి రాసిన మొదటి పత్రికను ఒకసారి తెరవండి. ఆ సంఘంలో కక్షలు ఉన్నాయి, సహోదరులు ఒకరిమీద ఒకరు న్యాయస్థానాలకు ఎక్కుతున్నారు, ఒకడు తండ్రి భార్యను ఉంచుకున్నాడు, ప్రభువు బల్ల దగ్గర ఒకడు ఆకలిగా ఉండగా మరొకడు తాగి మత్తులో ఉన్నాడు. ఇవన్నీ తెలిసే పౌలు రెండో వచనంలోనే వారిని క్రీస్తుయేసునందు పరిశుద్ధపరచబడినవారని సంబోధించాడు, అదే ఊపిరిలో పరిశుద్ధులుగా ఉండడానికి పిలవబడినవారని కూడా అన్నాడు. ముందు స్థానం, తరువాత పిలుపు. నిర్గమకాండంలోనూ క్రమం ఇదే: పది ఆజ్ఞలు 20వ అధ్యాయంలో వస్తాయి, ఎర్ర సముద్రం దాటించడం 14వ అధ్యాయంలోనే జరిగిపోయింది. ఆజ్ఞలు పాటించినందుకు ఇశ్రాయేలీయులను ఐగుప్తునుండి విడిపించలేదు.

ఇది కేవలం సిద్ధాంత చర్చ అని దాటవేయకండి, ఎందుకంటే మొదలు తప్పితే తరువాతి మెట్లన్నీ మొక్కుబడిగా మారతాయి. "ప్రభువా, ఈ ఉద్యోగం ఇప్పిస్తే ఇకమీదట నీకోసం పవిత్రంగా బతుకుతాను" అన్న ప్రార్థన మనకు బాగా అలవాటు. అందులో పరిశుద్ధత ఒక బేరపు సరుకు. నీతిమంతునిగా తీర్చబడడం క్రీస్తు చేసిన పనిని బట్టి విశ్వాసం ద్వారా కలుగుతుంది, పరిశుద్ధపరచబడడం అక్కడినుండి పరిశుద్ధాత్మ మనలో జీవితాంతం సాగించే పని. ఆచరణలో చేయవలసినది చిన్నదే. కొన్ని వారాలపాటు ఉదయ ప్రార్థనను విన్నపాలతో కాకుండా, దేవుడు ఇప్పటికే చేసినవాటికి కృతజ్ఞతతో మొదలుపెట్టండి. రోమా పత్రిక 6వ అధ్యాయం నుండి 8వ అధ్యాయం వరకు ఆ రోజుల్లో నెమ్మదిగా చదవండి. కృతజ్ఞత చెబుతుండగా విసుగో అనుమానమో లేస్తే దాన్ని దాచకుండా దేవునికే చెప్పండి.

రెండవ మెట్టు: పరిశుద్ధత ఎలా ఉంటుందో లేవీయకాండం 19లో చూడండి

"నేను పరిశుద్ధుడను గనుక మీరును పరిశుద్ధులై యుండుడి" అని పేతురు తన మొదటి పత్రికలో ఎత్తి చూపిన మాట లేవీయకాండంలోనిది. ఆ మాటతో మొదలయ్యే 19వ అధ్యాయంలో 37 వచనాలు ఉన్నాయి. ఒకే కూర్చోవడంలో, చేతిలో పెన్సిలు పట్టుకుని చదవండి. పరిశుద్ధులై ఉండండి అన్న దేవుడు వెంటనే దేనిగురించి మాట్లాడాడో గమనించండి. తల్లిదండ్రులకు భయపడమన్నాడు. కోత కోసేటప్పుడు పొలం ఓరలు పూర్తిగా కోయకుండా, పరిగె ఏరుకోకుండా, బీదలకూ పరదేశులకూ విడిచిపెట్టమన్నాడు. కూలివాని కూలి మరునాటివరకు మీ దగ్గర ఉంచుకోవద్దన్నాడు. చెవిటివాని తిట్టవద్దనీ, గుడ్డివాని ముందు అడ్డం వేయవద్దనీ, కొండెములు చెబుతూ తిరగవద్దనీ, తీర్పులో గొప్పవానికి గానీ బీదవానికి గానీ పక్షపాతం చూపవద్దనీ, త్రాసులూ గుండ్లూ న్యాయంగా ఉండాలనీ అన్నాడు. నిన్నువలె నీ పొరుగువాని ప్రేమించు అని యేసు ఉటంకించిన ఆజ్ఞ కూడా ఈ అధ్యాయంలోని 18వ వచనమే. రెండు రకాల నూలు కలిపిన బట్ట వేసుకోవద్దన్న విధి వంటివీ ఇందులో ఉన్నాయి. వాటిని ఇశ్రాయేలుకు ప్రత్యేకించిన గుర్తులుగా సంఘం మొదటినుండీ చదువుతూ వచ్చింది. కూలి, త్రాసు, చాడీ మాత్రం ఏ కాలానికీ పాతబడలేదు.

కూలి వచనం దగ్గర కొంచెం ఆగాలి. ఇల్లు కట్టించుకునే విశ్వాసి శనివారం సాయంత్రం మేస్త్రీతో "సోమవారం చూద్దాం" అంటాడు. ఆయన ఖాతాలో డబ్బు ఉంది, ఫోనులో పంపడానికి అర నిమిషం చాలు, అయినా ఆదివారం కానుక కవరు ముందు సిద్ధమవుతుంది. పనిమనిషి రెండు రోజులు జ్వరంతో రాకపోతే జీతంలో కోత పడుతుంది, అదే వారం ఉపవాస కూటానికి బిర్యానీ పొట్లాల ఖర్చు సంతోషంగా భరిస్తాం. ఇవ్వకుండా బిగపట్టిన కూలి మొర పెడుతున్నదనీ, ఆ కేకలు సైన్యములకు అధిపతియగు ప్రభువు చెవుల్లో పడ్డాయనీ యాకోబు తన పత్రిక 5వ అధ్యాయంలో రాశాడు. కాబట్టి ఈ మెట్టులో మొదటి పని కాగితం మీద జరగాలి. మీరు ఎవరెవరికి డబ్బు ఇవ్వవలసి ఉంది, ఎంత, ఎప్పటినుండి అన్నది రాయండి. ఆ పక్కనే మీ మీద ఆధారపడి మిమ్మల్ని ఎదురు అడగలేని మనుషుల పేర్లు రాయండి. తరువాత మీ నోటినుండి ఎవరి పేరు ఎక్కువగా చెడుగా వస్తుందో రాయండి.

బయటి కట్టుబాట్ల సంగతి కూడా ఇక్కడే తేల్చుకోవడం మంచిది. నగలు మానుకున్న ఒక అక్కగారు ఆ డబ్బు బీద పిల్లల చదువుకు ఇస్తున్నారంటే అది గౌరవించదగిన నిర్ణయం. ఆమె నిర్ణయాన్ని సంఘంలోని స్త్రీలందరికీ రక్షణ కొలబద్దగా మార్చితే మాత్రం కొలొస్సయుల పత్రిక 2వ అధ్యాయం అడ్డం వస్తుంది. "ముట్టవద్దు, రుచిచూడవద్దు" అన్న విధులకు జ్ఞానరూపం కనబడినా శరీరేచ్ఛను నిగ్రహించడంలో అవి పనికిరావని పౌలు అక్కడ తేటగా చెప్పాడు.

మూడవ మెట్టు: పాపాన్ని పేరు పెట్టి ఒప్పుకోండి, సరిచేయగలిగినది సరిచేయండి

"నేను పాపిని ప్రభువా" అని ప్రతి ప్రార్థనలో అనడం సులభం, అందులో ఏ పాపమూ బయటపడదు. "దేవా, నన్ను పరిశోధించి నా హృదయమును తెలిసికొనుము" అన్న 139వ కీర్తన మాటతో రాత్రి పడుకునే ముందు పది నిమిషాలు కూర్చోండి. రోజును ఉదయంనుండి గంట గంటగా గుర్తు చేసుకోండి. ఎక్కడ దేవుని మేలు కనబడిందో దానికి స్తోత్రం చెప్పండి. ఎక్కడ మాట జారింది, ఎక్కడ అబద్ధం ఆడారు, ఎవరిని చూసి లోపల మండారు అన్నది ఒక్కొక్కటిగా చెప్పి క్షమాపణ అడగండి. రేపు ఎదురుకాబోయే ఒక కష్టమైన సందర్భానికి ముందుగా సహాయం అడిగి ముగించండి. 16వ శతాబ్దంలో జెస్యూట్ సభను స్థాపించిన ఇగ్నేషియస్ లొయోలా ఇలాంటి ఆత్మపరీక్షను తన అనుచరులకు నిత్యనియమంగా నేర్పాడు. కతోలిక సంప్రదాయం ఈ పద్ధతిని ఇప్పటికీ కాపాడుకుంటూ వస్తున్నది, ప్రొటెస్టెంటు విశ్వాసికి దీనిని నేర్చుకోవడంలో అభ్యంతరం ఉండనక్కరలేదు.

దేవునితో ఒప్పుకున్నంత మాత్రాన మనుషులతో లెక్క తీరదు. బలిపీఠం దగ్గర అర్పణ పెట్టి, ముందు వెళ్లి నీ సహోదరునితో సమాధానపడమని మత్తయి 5వ అధ్యాయంలో ప్రభువు చెప్పాడు. జక్కయ్య తన ఆస్తిలో సగం బీదలకిచ్చి, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగి ఇస్తానన్నాడు. క్షమాపణ అడిగే తీరులో చాలామంది తడబడతారు. "నా వల్ల ఏదైనా పొరపాటు జరిగి ఉంటే క్షమించు" అన్న వాక్యంలో పొరపాటు జరిగిందని ఒప్పుకోలేదు, అది ఎవరిదో చెప్పలేదు. "అన్నయ్యా, పంపకాల నాడు నువ్వు ఊళ్లో లేనప్పుడు సర్వేయరుతో గట్టు నా వైపు కలిసొచ్చేలా వేయించాను. అది మోసం. మళ్లీ కొలిపిద్దాం, ఖర్చు నేనే పెట్టుకుంటాను" అన్నప్పుడు తప్పు ఏమిటో, ఎవరిదో, ఇప్పుడేం చేయబోతున్నారో మూడూ బయటికి వచ్చాయి. అన్నయ్య వెంటనే కౌగిలించుకుంటాడని ఆశించకండి. ఆయన ఏడాదిపాటు మాట్లాడకపోవచ్చు, ఆ హక్కు ఆయనకుంది.

ఇక్కడ రెండు హెచ్చరికలు అవసరం. ఎదుటివారికి కొత్త గాయం చేసే ఒప్పుకోలు ఉంటే, ముఖ్యంగా దాంపత్యానికి సంబంధించినదైతే, నమ్మదగిన పెద్దతో లేదా సలహాదారుతో ముందుగా మాట్లాడండి. రెండవది, పిల్లలపై లైంగిక నేరం వంటి విషయాలు సంఘంలో ప్రార్థనతో సర్దుబాటు చేసుకునేవి కావు. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం తెలిసినవారు వాటిని పోలీసులకు తెలియజేయవలసి ఉంటుంది. భర్త చేతిలో దెబ్బలు తింటున్న సహోదరికి "సహించమ్మా, అదే పరిశుద్ధత" అని చెప్పే సలహా వాక్యానుసారమైనది కాదని నా గట్టి అభిప్రాయం.

నాల్గవ మెట్టు: ఒక్క పాపాన్ని ఎంచుకుని పోరాడండి

అన్నిటినీ ఒకేసారి మార్చుకోవాలన్న తీర్మానం సాధారణంగా జనవరి నెల దాటదు. ఎఫెసీయుల పత్రిక 4వ అధ్యాయం ప్రాచీన స్వభావాన్ని వదులుకోవడం, నవీన స్వభావాన్ని ధరించుకోవడం అన్న రెండు కదలికలను జతగా చూపిస్తుంది. దొంగిలువాడు ఇక దొంగతనం మానాలి, అంతటితో ఆగకుండా తన చేతులతో కష్టపడాలి, అక్కరగలవానికి పంచిపెట్టాలి. దొంగతనం మానినవాడు పంచిపెట్టేవాడయ్యేవరకు పౌలు లెక్క పూర్తి కాలేదు. మీరు ఎంచుకున్న పాపానికి కూడా ఈ రెండో భాగం ఏమిటో ముందే నిర్ణయించుకోండి. చాడీలు మానదలచుకున్నవారు, ఎవరిని గురించి మాట్లాడాలనిపించిందో ఆ మనిషిలోని మంచి ఒకటి ఆ సంభాషణలోనే పలకాలి. కోపం మానదలచుకున్న తండ్రి, పిల్లవాడి తప్పును కేకతో కాకుండా పక్కన కూర్చోబెట్టుకుని సరిదిద్దడం నేర్చుకోవాలి.

శరీరేచ్ఛలకు చోటు ఇవ్వవద్దని రోమా 13:14లో ఉన్న మాటను అక్షరాలా తీసుకోండి. అర్ధరాత్రి ఫోనులో అశ్లీల దృశ్యాల దగ్గర ఓడిపోతున్న యువకుడు ప్రార్థన సమయం పెంచడంతోపాటు ఫోనును హాల్లో ఛార్జింగుకు పెట్టి పడుకోవాలి, అలారానికి గడియారం కొనుక్కోవాలి. ఇది ఆత్మీయత తక్కువ పనిగా కనిపించవచ్చు గానీ, యోసేపు కూడా పోతీఫరు భార్య ముందు నిలబడి వాదించలేదు, వస్త్రం విడిచిపెట్టి బయటికి పారిపోయాడు. ఏళ్ల తరబడి ఎక్కువగా తాగుతున్నవారి విషయం వేరు. ఒక్కసారిగా మానితే వణుకు, మూర్ఛ వంటివి వచ్చి ప్రాణాపాయం కలగవచ్చు, కాబట్టి డాక్టరు పర్యవేక్షణలోనే మానాలి. వరి మడిలో కలుపు ఒకసారి తీసి ఊరుకునే రైతు ఉండడు. ఇక్కడా అంతే, పని మళ్లీ మళ్లీ చేయవలసిందే. ఆత్మచేత శారీర క్రియలను చంపమని రోమా 8:13 చెబుతుంది. చంపవలసినది మనమే, చంపే బలం ఆత్మది. ఈ రెంటిలో ఏది మరిచినా ఒకవైపు అహంకారమో మరోవైపు సోమరితనమో మిగులుతుంది.

ఐదవ మెట్టు: వాక్యం, ప్రార్థన, ఉపవాసం, ప్రభువు బల్ల

డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో తీసుకున్న వాగ్దాన వచనం గోడమీద ఏడాదంతా ఉంటుంది. చాలా ఇళ్లలో బైబిలులో చదివేది ఆ వచనం మాత్రమే. అది ఏ అధ్యాయంలోనిదో, ఎవరికి ఎప్పుడు చెప్పబడిందో చదివేవారు తక్కువ. బైబిలులో 1,189 అధ్యాయాలున్నాయి, రోజుకు మూడు నాలుగు అధ్యాయాలు చదివితే ఏడాదిలో పూర్తవుతుంది. అయితే పరుగు పందెంలా పూర్తిచేయడం కంటే కొలొస్సయుల వంటి నాలుగు అధ్యాయాల పత్రికను నెలపాటు ప్రతిరోజూ చదవడం ఎదుగుదలకు ఎక్కువ మేలు చేస్తుందని నేను నమ్ముతున్నాను. పదో పన్నెండో సారి చదివేటప్పటికి వాక్యాల మధ్య సంబంధం తెలుస్తుంది, కొన్ని వచనాలు ప్రయత్నం లేకుండానే నోటికి వస్తాయి, శోధన సమయంలో గుర్తుకొచ్చేవి అవే.

ప్రార్థనలో మాటలు రావడం లేదని బాధపడేవారు కీర్తనలనే ప్రార్థనగా చదవవచ్చు. 150 కీర్తనలను రోజుకు ఐదు చొప్పున చదివితే నెలకు ఒకసారి పూర్తవుతాయి. స్తుతి ఒక్కటే కాకుండా ఏడుపు, కోపం, ప్రశ్న కూడా దేవుని ముందుకు తేవచ్చని అవి నేర్పుతాయి.

ఉపవాసం మన సంఘాల్లో విరివిగా ఉంది. ఆదివారాలు లెక్కించకుండా 40 దినాల శ్రమకాలాన్ని పాటించేవారూ, ప్రతి శుక్రవారం ఉపవాస కూటానికి వెళ్లేవారూ ఎందరో ఉన్నారు. యెషయా 58వ అధ్యాయాన్ని ఆ కూటంలోనే ఒకసారి బిగ్గరగా చదివి చూడండి. ఉపవాస దినాన మీ పనివారిచేత కఠినమైన పని చేయిస్తున్నారని దేవుడు అక్కడ నిలదీశాడు, ఆకలిగొన్నవానికి నీ ఆహారం పెట్టమన్నాడు. మానిన పూట భోజనం ఖర్చు పక్కన తీసి ఒక కుటుంబానికి బియ్యంగా చేరవేయడం ఆ అధ్యాయానికి సూటిగా సరిపోతుంది. చక్కెర వ్యాధికి మందులు వాడేవారు, గర్భిణులు డాక్టరును అడగకుండా ఉపవాసం ఉండకూడదు.

ప్రభువు బల్లకు ముందు ఎవరిని వారు పరీక్షించుకోవాలని 1 కొరింథీయులు 11 చెబుతుంది. శనివారం రాత్రి ఆత్మపరీక్షకు మరో పది నిమిషాలు కలపడం ద్వారా ఆ మాట పాటించవచ్చు. భయపడి బల్లకు దూరంగా కూర్చోవడం అందులో చెప్పిన పరిష్కారం కాదు. పరీక్షించుకుని ఆ రొట్టె తినమనే పౌలు అన్నాడు.

ఆరవ మెట్టు: ఇద్దరు ముగ్గురిని తోడు చేసుకోండి

1742లో ఇంగ్లండులోని బ్రిస్టల్ నగరంలో, మెథడిస్టు ఉద్యమ నాయకుడైన జాన్ వెస్లీ అనుచరులు తమ కూటపు మందిరం మీదున్న అప్పు తీర్చడానికి ఒక ఏర్పాటు చేసుకున్నారు. సభ్యులను పన్నెండుమంది చొప్పున విభజించి, ప్రతి గుంపుకూ ఒక నాయకుణ్ణి పెట్టి, వారానికి ఒక పెన్నీ వసూలు చేయమన్నారు. డబ్బుకోసం ఇంటింటికీ తిరిగిన నాయకులకు తాగుడు, తగవులు, భార్యాభర్తల కొట్లాటలు కంటబడ్డాయి. అప్పు కోసం పుట్టిన ఏర్పాటు అలా ఆత్మల పరామర్శగా మారి, వారానికొకసారి కూడుకుని ఒకరి నడక ఒకరు అడిగి తెలుసుకునే తరగతిగా స్థిరపడింది. వెస్లీ బాటలో నడిచిన వెస్లియన్ మిషను తరువాతి కాలంలో మెదక్ ప్రాంతానికి వచ్చి పనిచేసింది, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించిన మెదక్ కెథడ్రల్ దాని ఫలమే. కెథడ్రల్‌ను చూడడానికి వెళ్లేవారు చాలామంది ఉన్నారు, ఆ మిషను వెనుకనున్న తరగతి పద్ధతి మాత్రం ఎక్కువమందికి తెలియదు.

మీరు పెద్ద ఏర్పాటు చేయనక్కరలేదు. పురుషులైతే పురుషులతో, స్త్రీలైతే స్త్రీలతో, ఇద్దరు లేక ముగ్గురు చాలు. వారానికి గంటసేపు కూర్చోండి, ఫోనులో అయినా ఫరవాలేదు. హైదరాబాదులో ఒకరు, గల్ఫులో ఒకరు ఉన్న మిత్రులు దీన్ని చక్కగా నడపగలరు. పోయిన వారం ఏ శోధనలో ఓడిపోయావు, ఎవరితో మాట పడింది, వాక్యంలో ఏం దొరికింది, నేను ఇప్పుడు అడగనిది నువ్వు దాస్తున్నది ఏమైనా ఉందా అని అడగండి. చివరి ప్రశ్న ఇబ్బందిగా ఉంటుంది, అయినా దాన్ని వదలకండి. విన్నది భార్యకు గానీ భర్తకు గానీ పాస్టరు గారికి గానీ చేరవేయకూడదన్న నియమం మొదటి రోజే పెట్టుకోండి, ఎవరి ప్రాణానికైనా ముప్పు ఉన్న సందర్భం, ఇంతకు ముందు చెప్పిన నేరాలు దీనికి మినహాయింపు. "ఫలానా వాళ్ల అమ్మాయి కోసం ప్రార్థించండి" అంటూ మొదలై అరగంటలో ఆ అమ్మాయి సంగతులన్నీ బయటపెట్టే ప్రార్థన మనవులు మనకు కొత్తకాదు. లేవీయకాండం 19:16లోని కొండెములు ఈ రూపంలో కూడా తిరుగుతాయి.

ఏడవ మెట్టు: ఎదుగుదలను సరైన కొలతతో చూడండి

ఎదుగుదల ఎలా జరుగుతుందన్న విషయంలో సంఘాల మధ్య భేదాలున్నాయి. అది మరణం వరకు క్రమంగా సాగుతుందని సంస్కరణ సంప్రదాయం అంటుంది. ఈ జీవితంలోనే దేవుని పట్ల, పొరుగువాని పట్ల పరిపూర్ణ ప్రేమకు చేరవచ్చని వెస్లీ బోధించాడు. పెంతెకొస్తు సంఘాలు పరిశుద్ధాత్మ బాప్తిస్మానికి ప్రత్యేక స్థానం ఇస్తాయి. పైన చెప్పిన మెట్లు ఈ మూడింటిలో ఏ సంఘంవారికైనా పనికివస్తాయి.

కూటంలో కళ్లనీళ్లు వచ్చాయా, ఒళ్లు పులకరించిందా అన్నవి కొలతలుగా నమ్మదగినవి కావు. గలతీయులకు రాసిన పత్రికలోని ఆత్మఫలంలో దీర్ఘశాంతం, దయాళుత్వం, సాత్వికం, ఆశానిగ్రహం ఉన్నాయి. ఇవన్నీ మన పక్కన ఇంకొక మనిషి ఉన్నప్పుడే బయటపడేవి. తప్పు చేయడానికీ ఒప్పుకోవడానికీ మధ్య ఎంత కాలం పడుతున్నదో చూడండి. నెల పట్టేది వారానికి, వారం పట్టేది ఆ సాయంత్రానికి తగ్గితే పని జరుగుతున్నట్టే. మరొక గుర్తు మొదట నిరుత్సాహంగా కనిపిస్తుంది. పౌలు కొరింథీయులకు రాస్తూ తాను అపొస్తలులందరిలో తక్కువవాడినన్నాడు, ఎఫెసీయులకు రాస్తూ పరిశుద్ధులందరిలో అత్యల్పుడినన్నాడు, సంఘ సంప్రదాయం ఆయన చివరి సంవత్సరాలకు చెందినదని చెప్పే తిమోతి పత్రికలో పాపులలో ప్రధానుడినన్నాడు. ఏళ్లు గడిచేకొద్దీ ఆయన తన పాపాన్ని మరింత స్పష్టంగా చూశాడు. 1517లో మార్టిన్ లూథర్ తన 95 సిద్ధాంతాలలో మొదటిదానిలోనే విశ్వాసి జీవితమంతా మారుమనస్సుగా ఉండాలని ప్రభువు ఉద్దేశమని రాశాడు. కాబట్టి నిరుడు కనిపించని తప్పు ఈ ఏడు కనిపిస్తే వెనక్కి పోయామని కంగారు పడకండి.

పడిపోవడం తప్పకుండా జరుగుతుంది. పడిన రోజు రాత్రి ఆత్మపరీక్షను మానకండి, ఎక్కువమంది వరుస తెగేది అక్కడే. మూడవ మెట్టుకు తిరిగి వచ్చి, పేరు పెట్టి ఒప్పుకుని, మీ తోటివారికి మరునాడే చెప్పి, ఆగిన అధ్యాయం నుండి చదవండి. ప్రార్థన నెలల తరబడి ఎండిపోయినట్టు ఉంటే నియమాన్ని చిన్నదిగా చేసి, రోజుకు ఒక్క కీర్తనతో కొనసాగించండి. నిద్ర, ఆకలి, పని మీద ఆసక్తి కూడా పోయి ఉంటే అది ఆత్మీయ బలహీనత అని తీర్మానించకుండా మానసిక వైద్యుణ్ణి కలవండి. మిమ్మును పిలుచువాడు నమ్మకమైనవాడు గనుక ఆలాగు చేయునని థెస్సలొనీకయులకు రాసిన మాట, పరిశుద్ధత గురించిన ప్రార్థన వెంటనే వస్తుంది.

ఆరు నెలలకొకసారి ఇంకొక పని చేయాలి. మీతో ఒకే ఇంట్లో ఉండే మనిషిని, భార్యనో భర్తనో ఎదిగిన కూతురినో, "నాతో బతకడం మునుపటికంటే తేలికైందా, కష్టమైందా?" అని అడగండి. జవాబు పూర్తయ్యేవరకు మధ్యలో సంజాయిషీ చెప్పుకోకండి. విన్నదాన్ని ఆ రాత్రే రెండవ మెట్టులో రాసుకున్న కాగితం కింద తేదీతో రాసి, అందులోనుండి తరువాతి పోరాటానికి ఒక్కటి ఎంచుకోండి.